చింతగింజంత సందు

ఇలా రా తల్లీ, నా పక్కన పడుకో. ఉరుముకి భయపడకు, పైన దేవుడు బిందెలు దొర్లించుకుంటున్నాడంతే. నా కొంగు పట్టుకుంటావా? పట్టుకో. అదేంటే, చేతికి చుట్టుకుని మరీ పట్టుకున్నావు! సర్లే. నేను కథ చెబుతాను, నువ్వు ఊఁ కొట్టు. ఊఁ ఆగిందంటే నిద్రపోయావని నాకు తెలిసిపోతుంది.

అనగనగా ఏటిగట్టు కింద ఒక ఊళ్ళో వరహాలు అని ఒక వడ్రంగి ఉండేది. అవును, ఆడమనిషే. వాళ్ళ నాన్నకి కొడుకుల్లేరు, ఇద్దరూ కూతుళ్ళే. పెద్దదాని చేతిలో ఉలి పెట్టాడు. చిన్నదాన్ని పడవ నడిపేవాడికిచ్చి పెళ్ళి చేశాడు. ఆ తర్వాత ఆయన పోయాడు.

వరహాలు పెట్టెలు చేసేది. బట్టల పెట్టెలు, పప్పుల పెట్టెలు, గాజుల పెట్టెలు. ఆవిడ చేసిన పెట్టెలో చీమ దూరేది కాదు. "పలకకీ పలకకీ మధ్య వెంట్రుక పట్టిందంటే నన్ను వడ్రంగి అనకండి" అనేది. ఊళ్ళోవాళ్ళు ఔనౌనని తలూపేవారు. ఆ బిగువే ఆవిడ గొప్ప. ఆ బిగువే ఆవిడ కొంప ముంచబోయింది, విను.

వరహాలు చెల్లెలి పేరు కనకం. కనకానికి అంతకుముందు ఇద్దరు పాపలు పుట్టారు, కానీ నిలవలేదు. ఇద్దరూ ఇరవై ఒకటో రోజు చూడకుండానే పోయారు. మూడోసారి కడుపుతో ఉన్నప్పుడు కనకం అక్క ఇంటికొచ్చింది. వాళ్ళమ్మ లేదు కదా మరి. అక్కే అమ్మ.

వచ్చిన రోజే కనకం అక్క చెయ్యి పట్టుకుంది. "అక్కా, రెండుసార్లూ ఎవరి ఉయ్యాలో అడిగి తెచ్చారు. రెండుసార్లూ ఖాళీగానే తిరిగెళ్ళింది. ఈసారి నువ్వే చెయ్యాలి. నాన్న దాచిన పనసచెక్కతో చెయ్యాలి. ఇరవై ఒకటో రోజున నా బిడ్డని దాంట్లోనే వేసుకోవాలి" అంది.

"చేస్తానే పిచ్చిదానా" అంది వరహాలు. అనేసింది కానీ గుండెల్లో రాయి పడింది. ఎందుకంటావా? బిడ్డ పుట్టకముందు ఉయ్యాల మొదలుపెట్టకూడదు, అది వాళ్ళ ఆచారం. పుట్టాక ఉన్నవి ఇరవై ఒక్క రోజులే. రాబోయేదేమో శ్రావణం, ముసురు కాలం. అటక మీదున్న పనసచెక్క ఒక్క ఉయ్యాలకే సరిపోతుంది. పదేళ్ళు ఆరిన చెక్క అది. అది పాడైతే మళ్ళీ పదేళ్ళు ఆగాల్సిందే.

ఇంకో చిక్కు కూడా ఉంది. వరహాలుది ఒంటిగది ఇల్లు. ఇన్నాళ్ళూ ముందరి అరుగు మీదే కోసేది, చెక్కేది. బాలింత పడుకున్న గుమ్మంలో రంపం పొట్టు, సుత్తి దెబ్బలు ఎలా కుదురుతాయి? అందుకని పెరట్లో అరటిమొక్కలు తీసేసి తనే ఒక పనిపాక కట్టుకుంది. ఎనిమిది తాటి గుంజలు తనే పాతింది. వాసాలు తనే ఎత్తింది. పెంకు తనే పరిచింది. చేతులు బొబ్బలెక్కాయి. ఇక నాలుగు పక్కలా గోడలు కప్పడమే మిగిలింది. "పురుటికి ఇంకా నెల ఉందిగా, నిదానంగా కప్పుకుంటాను" అనుకుంది.

తానొకటి తలిస్తే దైవమొకటి తలుస్తాడు కదా! ఆ వారంలోనే కనకానికి నొప్పులొచ్చాయి. నెల ముందే ఆడపిల్ల పుట్టింది. దోసిట్లో పట్టేంత పిల్ల. ఏడుపు కూడా పిచ్చుక కూసినట్టే ఉంది.

ఎదురింటి అచ్చియ్యమ్మే మంత్రసాని. ఆవిడ పిల్లని తిప్పి తిప్పి చూసింది. "ఓసి మీ ఇల్లు బంగారంగానూ! ఈ పిల్లకి చెమ్మ తగలకూడదమ్మాయ్. ఉయ్యాల చేస్తే చేసుకోండి, కానీ పొడిపొడిగా ఉండాలి. చెమ్మ చెక్కలో వేస్తానంటే నేనొప్పుకోను" అంది.

అప్పుడు వరహాలు పెరట్లోకొచ్చి చూసింది. పాకకి కప్పు ఉంది, గోడల్లేవు. తూర్పున మబ్బు మాత్రం ఉంది.

వరహాలు తాటాకు తెచ్చింది. తాటాకైతే ఒక్క పూటలో అయిపోతుందనుకుంది. తడికలు కట్టింది, గుంజలకి పురికొసతో బిగించింది, సాయంత్రానికి నాలుగు పక్కలా కప్పేసింది. మర్నాడు లోపల కూర్చుని పనసచెక్క మీద గీతలు గీసి కోయడం మొదలుపెట్టింది. కోస్తోంది కానీ చెవులు మాత్రం గాలి మీదే ఉన్నాయి.

నాలుగో రోజు మధ్యాహ్నం తూర్పుగాలి లేచింది. ముందు ఒక తడిక లేచింది. ఆ తర్వాత రెండోది. ఆ తర్వాత లెక్కే లేదు. ఒకటి వెళ్ళి అచ్చియ్యమ్మ గేదె వీపు మీద పడింది. గేదె దాన్ని మోసుకుంటూ వీధి చివరిదాకా పరిగెత్తింది. నువ్వు నవ్వుతున్నావు కానీ వరహాలుకి నవ్వు రాలేదమ్మా. పనసచెక్క ముక్కల్ని గుండెకి హత్తుకుని, పైన కొంగు కప్పుకుని, ఇంట్లోకి ఒకటే పరుగు.

మంచం మీంచి కనకం అడిగింది. "అక్కా, అవుతుందా?"

"అవుతుంది. గాలికి లేవని గోడ కడతాను" అంది వరహాలు. చెక్కల్ని తడిమి చూసుకుంది. తడవలేదు. హమ్మయ్య అనుకుంది.

అప్పుడేం చేసిందంటే, ఏడాది పెట్టెల కోసం దాచుకున్న మామిడి పలకలు దించింది. వేసవంతా ఎండలో పెట్టి, అటకెక్కించినవి. కొడితే కణకణమంటున్నాయి. అవి వాడేస్తే ఆ ఏడు పెట్టెల్లేవు, అయినా సరే అనుకుంది. ఒక్కొక్క పలకకీ అంచు చిత్రిక పట్టింది. ఒకదాని పక్కన ఒకటి నిలువుగా నిలబెట్టి మేకులు కొట్టింది. పలకా పలకా ముద్దు పెట్టుకున్నట్టు అతికాయి. ప్రతి గోడకీ ఆఖరి పలకని సుత్తితో కొట్టి కొట్టి దూర్చింది. నాలుగు రోజులు పట్టింది. సందులో వెంట్రుక పెట్టి చూసింది, దూరలేదు.

అచ్చియ్యమ్మ వచ్చి చుట్టూ తిరిగి చూసింది. "గోడ కట్టావో, పెట్టె చేశావో తెలీడం లేదే!" అంది. వరహాలుకి ఆ మాట కడుపు నింపింది. ఆ రాత్రి కాస్త అన్నం తినగలిగింది.

ఆ తర్వాత ఉయ్యాల పని జోరందుకుంది. పదకొండో రోజున తొట్టి వేలాడదీసే చట్రానికి నాలుగు కాళ్ళూ వజ్రంతో అతికించింది. వజ్రమంటే ఉంగరంలో రాయి కాదే, వడ్రంగులు చెక్క అతికే బంక. ఆ బంక వేశాక మూడు రోజులు కదపకూడదు, తడి తగలకూడదు. తగిలిందా, అతుకు ఊడుతుంది. "ఈ గోడలుండగా నాకేం భయం" అనుకుంది వరహాలు.

ఆ సాయంత్రమే ముసురు పట్టింది.

మొదటి రోజు లోపలికి ఒక్క చినుకు రాలేదు. రెండో రోజు కూడా రాలేదు. కానీ గోడలు నిటారుగా లేవు. పలకలు కడుపు ముందుకు పెట్టుకున్నట్టు ఉబ్బాయి. వరహాలు చేత్తో నొక్కింది. లోపలికి పోలేదు. మేకు మీద సుత్తితో కొట్టింది. అటు కొడితే ఇటు లేచింది. ఎక్కడ తప్పు చేశానా అని ఒక్కో సందూ చూసింది. తప్పేమీ కనపడలేదు. అన్నీ బిగుతుగానే ఉన్నాయి కదా!

మూడో రోజు పొద్దున్న, చద్దన్నం తింటుండగా పెరట్లోంచి ఠప్ మని చప్పుడొచ్చింది. ముద్ద నోట్లో అలాగే ఉండిపోయింది. మళ్ళీ ఠప్. మళ్ళీ ఠప్. మేకులు ఊడొచ్చేస్తున్నాయి. పరిగెత్తేసరికి తూర్పు గోడలో మూడు పలకలు విల్లులా వంగి, విరిగి కింద పడ్డాయి. ఆ కంతలోంచి వాన నేరుగా ఉయ్యాల మీదికి కొడుతోంది.

ఉయ్యాలని కదిపితే అతుకులు పోతాయి. వదిలేస్తే తడిసిపోతుంది. వరహాలు గోనెపట్టా కప్పుకుని ఆ కంతకి వీపు ఆనించి నిలబడింది. అలా ఎంతసేపనుకున్నావు? వాన వెలిసేదాకా, పొద్దు వాలేదాకా. వీపు మీద వాన కొడుతోంది. ఎదురుగా ఉయ్యాల. "తల్లీ తడవకే, తల్లీ తడవకే" అని దాంతోనే మాట్లాడుతూ నిలబడింది.

వాన వెలిశాక దగ్గరికెళ్ళి ఒక్కో కాలూ పట్టి చూసింది. ఒకటి గట్టిగా ఉంది. రెండోది ఉంది. మూడోది ఉంది. నాలుగోది పట్టుకోగానే ఊగింది.

ఆ రోజు వరహాలు ఏడ్చిందమ్మా. చెల్లెలికి వినపడకుండా నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. నాన్న నేర్పిన పని చేతిలో ఉండి కూడా ఒక గోడ కట్టలేకపోయానే అని ఏడ్చింది.

తడిసి ముద్దై ఇంట్లోకొస్తే కనకం లేచి కూర్చుని ఉంది. బిడ్డని మూడు గుడ్డల్లో చుట్టి గుండెకి అదుముకుని ఉంది. బిడ్డ ఏడుస్తోంది. "అక్కా, అవుతుందా?"

వరహాలు నోటికి అవుతుందన్న మాట రాలేదు. "చూద్దాం" అంది. కనకం బిడ్డని ఇంకా గట్టిగా అదుముకుంది.

అంతలో అచ్చియ్యమ్మ గుమ్మంలోంచే చెప్పింది. "పురుడు తీరిందిగా. రేపు శ్రావణ శుక్రవారం. ఉయ్యాల సంగతి అమ్మవారు చూసుకుంటుంది కానీ, నాలుగు గుప్పెళ్ళు శనగలు నానబెట్టు. పూజ అయ్యాక పంచుదాం."

మనసు మనసులో లేదు కానీ వరహాలు శనగలు నానబోసింది. అందులోనూ అదే బిగువు బుద్ధి! సత్తుగిన్నె అంచుదాకా శనగలు పోసి, నీళ్ళు పోసి, మూత నొక్కి పెట్టింది. చీమలొస్తాయని, పిల్లి వస్తుందని, మూత మీద రుబ్బురోలు పొత్రం ఎత్తిపెట్టింది. అప్పుడు వెళ్ళి పడుకుంది.

తెల్లారి లేచి చూస్తే ఏముంది? పొత్రం కింద దొర్లి ఉంది. మూత ఓ మూలకి పోయింది. శనగలు గిన్నె మీద గోపురం కట్టి, కిందంతా జల్లుకుని ఉన్నాయి.

"పిల్లేనా?" అంది కనకం.

వరహాలు అక్కడే చతికిలబడి, ఒక శనగగింజ తీసుకుంది. రాత్రి పోసిన గింజ కాదది, రెండింతలుంది. నీళ్ళు తాగిన గింజకి చోటు కావాలి. చోటివ్వకపోతే రాయినైనా తోసేస్తుంది. గుప్పెడు శనగలే పొత్రాన్ని తోసేస్తే, ఎండిన మామిడి పలకలు మేకుల్ని తోయకుండా ఊరుకుంటాయా?

"అమ్మో! వాటికి ఊపిరాడకుండా నేనే కొట్టాను" అంది వరహాలు పైకి. "పెట్టె ఇంట్లో ఉంటుంది. గోడ వానలో ఉంటుంది. ఇంత కూడా తట్టలేదే నాకు!"

కనకానికి ఏమీ అర్థం కాలేదు. "అక్కా, అవుతుందా?" అంది మూడోసారి.

"ముందు నువ్వు లేచి చింతపండు పిసుకు" అంది వరహాలు.

"చింతపండెందుకు?"

"గింజలు కావాలి. ఎన్నుంటే అన్ని తియ్యి."

రెండు వారాలుగా మంచం మీద భయపడుతూ కూర్చున్న మనిషికి ఒక పని దొరికింది. కనకం బిడ్డని చేటలో పడుకోబెట్టుకుని, కిటికీ పక్కన కూర్చుని చింతగింజలు తీసింది. ఒక్కోటీ తుడిచి కిటికీలోంచి అక్కకి అందించింది.

వరహాలు గోడలన్నీ ఊడదీసింది. విరిగినవి పక్కన పెట్టింది. మిగిలిన పలకలకి అంచు చిత్రిక పట్టింది, ఈసారి అతకడానికి కాదు, తగ్గించడానికి. తన చేత్తో తను అతికినదాన్ని తనే తగ్గించుకోవడం ఎంత కష్టమో! చిత్రిక తోసినప్పుడల్లా వాళ్ళ నాన్న ఎక్కడినుంచో చూసి నొచ్చుకుంటున్నట్టు అనిపించింది. అయినా తోసింది.

ఆ తర్వాత పలకకీ పలకకీ మధ్య పైనొకటి, కిందొకటి చింతగింజ పెట్టి మేకులు కొట్టింది. కొట్టాక గింజలు తీసేసింది. ప్రతి రెండు పలకల మధ్యా చింతగింజంత సందు మిగిలింది. ఆ సందు మీద సన్నని చెక్కపట్టీ కప్పింది. పట్టీ మేకుని ఒక పక్క పలకకే కొట్టింది. రెండో పక్క పలక వాన తాగినప్పుడు జరగాలి, ఎండకి వెనక్కి రావాలి కదా. విరిగిన పలకలే ఆ పట్టీలకి సరిపోయాయి.

అచ్చియ్యమ్మ వచ్చి చూసి మూతి తిప్పింది. "అదేంటే, ఇన్ని సందులు పెట్టావు! నీ పేరు పోదూ?" అంది.

"పోతే పోనీ పిన్నీ. గోడ ఉంటే చాలు" అంది వరహాలు.

పదహారో రోజు సాయంత్రానికి అయింది. ఊగే కాలు ఊడదీసి, గీకి, మళ్ళీ వజ్రం వేసి అతికించింది. మూడు రోజులు. ఇక పొరపాటు చేయడానికి రోజుల్లేవు.

పదిహేడో రోజు వాన వచ్చింది. మామూలు వాన కాదు, కుండలతో కుమ్మరించింది. వరహాలు తిండి మానేసి పాకలో కూర్చుంది. గోడకి అరచెయ్యి ఆనించి కూర్చుంది. పలకలు మెల్లగా ఉబ్బుతున్నాయి. ఆ చేతికి తెలుస్తోంది. ఇప్పుడు ఠప్ మంటుంది, ఇప్పుడు ఠప్ మంటుంది అని ఊపిరి బిగపట్టింది. మధ్యాహ్నమైంది. సాయంత్రమైంది. పలకలు ఒకదానివైపు ఒకటి జరిగాయి, జరిగి జరిగి, వెంట్రుకంత ఖాళీ ఉండగా ఆగిపోయాయి. ఒక్క మేకు కదల్లేదు. నేల మీద పొట్టు పొడిగా ఉంది.

అప్పుడు వరహాలు గోడకి తల ఆనించి, చిన్నపిల్లలా, నవ్విందో ఏడ్చిందో నాకు తెలీదు.

ఇరవయ్యో రోజున నాలుగో కాలు పట్టి ఊపింది. ఊగలేదు. ఎర్ర లక్క రుద్దింది. చెమ్మ చెక్కకి లక్క పట్టదు, తెలుసా? ఆ ఉయ్యాలకి అద్దంలా పట్టింది. అచ్చియ్యమ్మ చెంప ఆనించి మరీ చూసి, "పొడిగానే ఉంది" అని ఒప్పుకుంది.

ఇరవై ఒకటో రోజు వచ్చింది. వీధి వీధంతా వచ్చారు. ఉయ్యాలకి పువ్వులు కట్టారు. కనకం బిడ్డని ఉయ్యాల్లో పడుకోబెట్టింది. పడుకోబెట్టగానే బిడ్డ గుక్కపట్టింది. ఊపారు. ఆగలేదు. జోల పాడారు. ఆగలేదు. ఉప్పు దిష్టి తీశారు. ఆగలేదు. ముఖం కందిపోయింది. కనకం ముఖంలో రక్తం లేదు. చుట్టూ ఉన్నవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

వరహాలు వంగి చూసింది. బిడ్డ ఒంటికి మూడు గుడ్డలు. మెడ దగ్గర్నుంచి కాళ్ళదాకా బిగించి చుట్టి ఉన్నాయి. కనకం చుట్టిన చుట్టు అది, ఎంతైనా తనూ ఆ వడ్రంగి కూతురే కదా. వెంట్రుక పట్టదు!

వరహాలు ఒక గుడ్డ తీసేసింది. మిగిలిన రెండింటి ముడి విప్పి, వేలు దూరేంత వదులు చేసి, మళ్ళీ వేసింది. లోపల నలిగిన చిన్న చెయ్యి బయటికొచ్చింది. పిడికిలి విచ్చుకుంది. బిడ్డ ఒక్కసారి ఊపిరి లోపలిదాకా పీల్చుకుంది. అంతే, ఏడుపాగిపోయింది. ఆవులించింది. కళ్ళు మూసుకుంది.

కనకం మాత్రం ఉయ్యాల తాడు వదలడం లేదు. వేళ్ళు తెల్లబడేలా పట్టుకుని నిలబడింది. వరహాలు ఆ వేళ్ళ మీద చెయ్యి వేసింది.

"కొంచెం వదులు కనకం. పూర్తిగా వద్దులే, చింతగింజంత వదులు. ఉయ్యాల గట్టిది, నేనూ ఇక్కడే ఉన్నాను."

కనకం వదిలింది. ఉయ్యాల దానంతటదే ఊగింది.

ఇదంతా నాకెలా తెలుసంటావా? నేను నీ అంత ఉన్నప్పుడు మా వరహాలు పెద్దమ్మే చెప్పింది. చెప్పినప్పుడల్లా నా చెయ్యి పట్టుకుని చూసేది, ఆ పిడికిలి ఇదేనా అన్నట్టు.

ఏమ్మా, ఊఁ ఆగిపోయింది? నిద్రొస్తోందా? మరి ఈ కొంగు చూడు, ఇంకా బిగించే పట్టుకున్నావు, నీ వేళ్ళే ఎర్రబడ్డాయి. కొంచెం వదులు తల్లీ. పూర్తిగా వద్దులే. ఆ... అంతే. నేనెక్కడికీ పోను.

కథేమో కంచికెళ్ళింది, కారుమబ్బు ఏటికెళ్ళింది,
గోడకేమో సందు ఉంది, గోడ చెక్కు చెదరకుంది,
ఉయ్యాల ఊగింది, బుజ్జి పాప ఆవులించింది,
మనం మనింట్లోనే ఉన్నాం, మరి కళ్ళు మూసుకుందాం.